దేసింగురాజు ఎవరి కోసం చచ్చిపోయాడు?

ఉగాదికి నాలుగు రోజుల ముందు మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చి పడింది. మామూలుగా మా తనకల్లు గ్రూపులో ఏముంటాయంటే గుడ్ మార్నింగు పూలు, టమాటా రేట్లు, బోరు వెయ్యి అడుగులు పోయినా నీళ్లు పడలేదన్న ఏడుపులు, పెళ్లి కార్డులు. అంతే. ఈసారి మాత్రం కొండ మీద కోట, గుర్రం మీద మీసాల రాజు, కింద పేజీన్నర మ్యాటరు. (బొమ్మ కంప్యూటరు చేత గీయించింది లెండి. గుర్రానికి అయిదు కాళ్లున్నాయి.)

మ్యాటరు సారాంశం ఇదీ. జింజీ కొండకోటని తరతరాలుగా రాజపుత్రులు ఏలారు. వాళ్లలో ఆఖరివాడు దేసింగురాజు. ఎనభై అయిదు వేల ముస్లిం సైన్యాన్ని 350 గుర్రాలతో ఎదిరించి ధర్మం కోసం ప్రాణాలిచ్చాడు. ఆయన రాణి శత్రువు చేతికి చిక్కకుండా చితిలో దూకింది. ఈ చరిత్రని మన పుస్తకాల్లో కావాలని దాచిపెట్టారు. నిజమైన హిందువైతే పది మందికి పంపు.

కింద దండాలు, చప్పట్లు, జెండాలు. ఓ పది నిమిషాల తర్వాత, ఒకరు గ్రూపు వదిలి వెళ్లారని చిన్న అక్షరాల్లో ఒక లైను. ఎవరా అని చూస్తే మావాడే. ఆరో తరగతి నుంచి పది దాకా నా పక్కన బెంచీలో కూర్చున్నోడు. సాయిబుల పిల్లోడు.

నేనేం చేశాను? ఏమీ చేయలేదు. అప్పుడు ఆఫీసులో స్టాండప్ మీటింగు, ఆ తర్వాత రిలీజు, ఆ తర్వాత రిలీజులో వచ్చిన బగ్గులు. మూడు రోజులు గమ్మున ఉన్నా. ఈ టపా ఆ మూడు రోజుల సిగ్గుతో రాస్తున్నది. కాబట్టి రోంత ఘాటుగా ఉంటే ఏమనుకోకండి.

ముందు ఆ "దాచిపెట్టారు" అన్న మాట సంగతి చూద్దాం. ఎవరు దాచిపెట్టారయ్యా? ఎక్కడ? బొబ్బిలి కథ, బాలనాగమ్మ కథ, కాంభోజరాజు కథ ఎట్లా చెప్పేవాళ్లో దేసింగురాజు కథ కూడా అట్లాగే జంగం కథలుగా, బుర్రకథలుగా తెలుగు ఊళ్లల్లో తరాల తరబడి చెప్పారు. తమిళంలో అయితే చెప్పక్కర్లేదు. తెరుక్కూత్తు ఆడారు, పాటల పుస్తకాలు అచ్చేసి సంతల్లో అమ్మారు, 1960లో ఎంజీఆర్‌తో సినిమా కూడా తీశారు. చదువుకున్నోళ్ల కోసం అన్నామలై విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన సి.ఎస్. శ్రీనివాసాచారి 1943లో జింజీ కోట మీద, దాన్ని ఏలినవాళ్ల మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. అంతకంటే ముందు, 1800 తర్వాత మెకంజీ దొర సేకరణ కోసం నారాయణ పిళ్లె అనే ఆయన కర్ణాటక రాజుల చరిత్ర రాసిపెట్టాడు. దాచిపెట్టడం ఇట్లా ఉంటే ఇంక బయటపెట్టడం ఎట్లా ఉంటుందో!

అసలు మా ఊళ్లోనే చెప్పారు. 2006లో అనుకుంటా, నేను మూడో తరగతి. జాతరలో బుర్రకథ. నడుమ తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలు కొట్టే వంతలు. ఆ రాత్రి కరెంటు పోయింది. (ఆ రోజుల్లో మాకు కరెంటు పోవడం వార్త కాదు, ఉండటం వార్త.) అప్పుడు పెట్రోమాక్స్ లైట్లు తెచ్చి గాలి కొట్టి వెలిగించింది పైన చెప్పిన మావాడి తాత. పెళ్లయినా, పీర్ల పండగయినా, సావయినా మా ఊళ్లో లైట్లు ఆయనవే. పిల్లోళ్లందరం లైట్ల తాత అనేవాళ్లం. మా జేజినాయన, ఆయన ఒకే గోనెపట్ట మీద కూర్చుని తెల్లారేదాకా కథ విన్నారు. నేను మధ్యలో నిద్రపోయి, మధ్యలో లేచి, మళ్లీ నిద్రపోయి విన్నా.

నాకు గుర్తున్నవి మూడే మూడు. ఒకటి, ఢిల్లీ పాదుషా దగ్గర ఎవరికీ లొంగని గుర్రాన్ని చిన్న పిల్లోడు దేసింగు లొంగదీయడం. రెండు, యుద్ధానికి పోతూ రంగనాథస్వామికి మొక్కితే స్వామి ఈరోజు వద్దురా అన్నట్టు మొహం తిప్పుకోవడం. (జింజీ పక్కనే సింగవరంలో కొండని తొలిచిన గుళ్లో ఆ పడుకున్న రంగనాథుడు ఇప్పటికీ ఉన్నాడు. తల అటు తిప్పుకున్నట్టే ఉంటాడని అక్కడ చెప్తారు.) మూడోది, పెళ్లి జరుగుతుండగా కబురు అందితే పీటల మీద నుంచి లేచి, గుర్రమెక్కి వచ్చేసిన దేసింగు స్నేహితుడు. ఆ స్నేహితుడు యుద్ధంలో ముందు చచ్చిపోతాడు. మా ఊరి ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చింది అప్పుడు. దేసింగు చచ్చినప్పుడు కాదు.

ఆ స్నేహితుడి పేరు మహబ్బత్ ఖాన్.

ఫార్వర్డులో ఆయన పేరే లేదు! పేజీన్నర మ్యాటరులో గుర్రానికి చోటు దొరికింది, కత్తికి చోటు దొరికింది, రాణి నగలకి కూడా చోటు దొరికింది. పెళ్లి వదిలేసి వచ్చి ప్రాణం ఇచ్చినోడికి ఒక్క ముక్క చోటు దొరకలేదు. చరిత్రని దాచిపెట్టారు అని ఏడుస్తూ రాసినోడే, ఆ కథలో జనం అన్నిటికంటే ఎక్కువగా గుర్తుపెట్టుకున్న మనిషిని దాచిపెట్టాడు. ఎందుకు దాచాడో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ మనిషి ఉంటే "ముస్లిం సైన్యం, హిందూ రాజు" అన్న లెక్క కుదరదు.

సరే, కథ పక్కన పెట్టి చరిత్రకొద్దాం. చరిత్ర కథ కంటే ఇంకా ఇబ్బంది పెడుతుంది వీళ్లని.

జింజీ (తమిళంలో సెంజి) మనకు మరీ దూరమేం కాదు. తిరువణ్ణామలై నుంచి తిండివనం పోయే దారిలో, ఇప్పటి విళుప్పురం జిల్లాలో ఉంది. మూడు కొండలు, రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి. మూడింటినీ కలుపుతూ గోడ. 1698లో ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాన్ ఈ కోటని మరాఠాల నుంచి పట్టుకున్నాడు. సుమారు ఎనిమిదేళ్లు ముట్టడి వేస్తే గానీ దక్కలేదు. దాని పేరు నుస్రత్‌గఢ్ అని మార్చారు. 1700 ప్రాంతంలో ఆ కోటకి కిల్లేదారుగా వచ్చినవాడు స్వరూప్ సింగ్. బుందేల్‌ఖండ్ రాజపుత్రుడు. ఎవరు పంపితే వచ్చాడు? ఔరంగజేబు పంపితే! పాదుషా ఫర్మానా చేత పట్టుకుని, పాదుషా ఇచ్చిన జాగీరు తింటూ, పాదుషా కోటకి కాపలా కాయడానికి వచ్చిన మొగలు ఉద్యోగి. నేను తప్పు పట్టట్లేదు. నేను కూడా ఎవడి కంపెనీకో ఎవడి సర్వర్లకో రాత్రుళ్లు కాపలా కాసేవాణ్ణే. కానీ "ధర్మరక్షణ కోసం దక్షిణాదికి వచ్చిన రాజపుత్ర వంశం" అని మాత్రం చెప్పకండి ప్లీజ్.

స్వరూప్ సింగ్ 1714లో పోయాడు. అప్పటికి కర్ణాటక నవాబుకి కట్టాల్సిన పైకం పదేళ్ల బాకీ ఉంది, మొత్తం డెబ్బై లక్షలని లెక్క చెప్తారు. తండ్రి పోయిన కబురు విని కొడుకు తేజ్ సింగ్ బుందేల్‌ఖండ్ నుంచి భార్యతో సహా వచ్చి కోటలో కూర్చున్నాడు. ఈ తేజ్ సింగే మన నోళ్లల్లో దేసింగు అయ్యాడు. ఆర్కాటులో నవాబు సాదతుల్లా ఖాన్ ఏమన్నాడంటే, నీకు ఈ కోట ఎవరిచ్చారు, బాకీ కట్టు అని. దేసింగు ఏమన్నాడంటే, మా నాయనకి ఆలంగీర్ పాదుషా ఇచ్చిన ఫర్మానా ఉంది అని. నవాబు ఏమన్నాడంటే, ఆ పాదుషా పోయి ఏడేళ్లయింది, ఇప్పుడు ఢిల్లీలో ఫరూక్‌సియర్ ఉన్నాడు, కొత్త పాదుషా ముద్ర లేకుండా చెల్లదు అని.

అంటే గొడవ దేని గురించి? ఒక మొగలు అధికారి కొడుక్కి, ఇంకో మొగలు అధికారికి మధ్య, ఉద్యోగం వారసత్వంగా వస్తుందా రాదా అని, తండ్రి బాకీ కొడుకు కట్టాలా వద్దా అని. ఇద్దరూ చూపించిన కాగితం ఢిల్లీదే. మా ఆఫీసులో చెప్పాలంటే, పాత మేనేజరు ఇచ్చిన యాక్సెస్ కొత్త మేనేజరు ఉన్నప్పుడు చెల్లుతుందా అన్న తగాదా. తేడా ఏంటంటే మేము ఈమెయిల్స్‌తో పొడుచుకుంటాం, వాళ్లు ఈటెలతో పొడుచుకున్నారు. 1714 అక్టోబరు 3న యుద్ధం జరిగింది. దేసింగు చచ్చిపోయాడు. వయసు 22. కోటలో కూర్చున్నది పది నెలలు. తండ్రివి, కొడుకువి అన్నీ కలిపినా జింజీలో రాజపుత్రుల ఏలుబడి పద్నాలుగేళ్లకి మించలేదు. "తరతరాలుగా" అంట!

ఇంకో ముఖ్యమైన సంగతి. మీలో తిరుమల పోని వాళ్లు తక్కువ కదా. గుడి లోపల ధ్వజస్తంభం దాటే హడావిడిలో చాలామంది చూడరు గానీ, అక్కడ చేతులు జోడించుకుని నిలబడిన లోహపు విగ్రహాలున్నాయి. లాలా తోడరమల్లు, తల్లి మాతా మోహనదేవి, భార్య పీతాబీబీ. చాలామంది ఈయన అక్బరు మంత్రి తోడరమల్లు అనుకుంటారు. కాదు. అక్బరు తోడరమల్లు 1589లోనే పోయాడు. ఈయన ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ దగ్గర పెద్ద అధికారి. యుద్ధాల భయంతో కంచి వరదరాజస్వామి ఉత్సవమూర్తుల్ని ఉడైయార్‌పాళయంలో దాచిపెడితే, తర్వాత అక్కడి పాళెగాడు తిరిగి ఇవ్వనన్నాడు. సైన్యంతో పోయి, ఒప్పించి, 1710లో కంచికి తిరిగి తెచ్చింది ఈ తోడరమల్లే. కంచి గుళ్లో శాసనం కూడా ఉంది.

ఈ తోడరమల్లు దేసింగు కథలో కూడా ఉన్నాడు. తమిళ కథలో బాకీ వసూలుకి జింజీ వచ్చే నవాబు మనిషి ఈయనే. ఇప్పుడు చెప్పండి. తిరుమల వెంకన్న ఎదుట కలకాలం చేతులు జోడించి నిలబడ్డ మనిషి నవాబు పక్షం. పెళ్లిపీటల మీద నుంచి లేచొచ్చిన ఖాన్ దేసింగు పక్షం. ఇందులో హిందువుల సైన్యం ఏది, ముస్లిముల సైన్యం ఏది? ఫార్వర్డు రాసినోణ్ణి కాగితం మీద గీత గీసి చూపించమనండి చూద్దాం.

ఇక ఆ ఎనభై అయిదు వేల లెక్క. ఇది ఫార్వర్డులోనే కాదు, ఇంటర్నెట్‌లో చాలా చోట్ల కనిపిస్తుంది. 350 గుర్రాలు, ఎదురుగా 85 వేల గుర్రాలు. నేను కరువు సీమ నుంచి వచ్చినోణ్ణి, నాకు ముందు నీళ్లే కనిపిస్తాయి. ఒక గుర్రానికి రోజుకి తక్కువలో తక్కువ పాతిక లీటర్ల నీళ్లు కావాలి. 85 వేలంటే రోజుకి 21 లక్షల 25 వేల లీటర్లు. మా ఊళ్లో ఎండాకాలం తిరిగే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో లెక్కేస్తే 425 ట్యాంకర్లు. ఒక్క రోజుకి. మనుషుల సంగతి వేరే. గడ్డి సంగతి వేరే. ఒక కిల్లేదారు బాకీ వసూలు చేయడానికి ఏ నవాబయినా ఇంత ఖర్చు పెడతాడా? ఆ ఖర్చుకి ఇంకో డెబ్బై లక్షలు అప్పు తేవాల! కథ చెప్పేవాళ్లు సంఖ్య పెంచుతారు, అది వాళ్ల పని, అందులో తప్పులేదు. బుర్రకథలో లక్ష ఏనుగులు వచ్చినా మా జేజినాయన తల ఊపేవాడు. అదే సంఖ్యని "చరిత్ర" అని ముద్ర వేసి ఇంజనీరింగు చదివినోళ్లు పంపిస్తేనే నాకు మండుతుంది. ఆ ఫార్వర్డు పంపినోడు కూడా బీటెక్కే. నాకంటే పర్సెంటేజీ ఎక్కువ :)

ఇప్పుడు "రాజపుత్రుల కోట" అన్న దాని సంగతి. మాకు ఆఫీసులో ఒక అలవాటుంది. ఏదైనా పాత కోడ్ పగిలితే, ఏ లైను ఎవడు రాశాడో చూపించే కమాండు ఒకటి కొడతాం. గిట్ బ్లేమ్ అంటారు. జింజీకి అది కొట్టి చూస్తే ఏమొస్తుంది? మొదటి లైన్లు 1200 ప్రాంతంలో ఆనందకోన్ అనే గొర్రెల కాపరుల నాయకుడివని అక్కడి సంప్రదాయం. తర్వాత విజయనగరం. ఆ వెనక 1649 దాకా, సుమారు నూట యాభై ఏళ్లు, తెలుగు మాట్లాడే నాయకరాజులు. చూడటానికి పోతే మనం నోరు తెరుచుకుని చూసేవాటిలో ఎక్కువ భాగం, ఆ కళ్యాణమహల్, ఆ ధాన్యం కొట్లు, కింద వెంకటరమణస్వామి గుడి, వీళ్ల కాలంవే. 1597లో వచ్చిన జెసూట్ పాదిరీ పిమెంటా, లిస్బన్‌ని మినహాయిస్తే పోర్చుగల్‌లో కూడా ఇంత పెద్ద ఊరు లేదన్నట్టు రాశాడు. ఆ తర్వాత బిజాపూరు వాళ్లు 28 ఏళ్లు. 1677లో శివాజీ. 1698 దాకా మరాఠాలు. ఆపైన మొగలులు, మన పద్నాలుగేళ్ల రాజపుత్రులు, నవాబులు. 1750లో ఫ్రెంచి వాళ్లు, 1761లో ఇంగ్లీషు వాళ్లు. ఫ్రెంచి వాళ్లయితే వెంకటరమణస్వామి గుడి స్తంభాలు పీక్కుపోయి పాండిచ్చేరిలో డూప్లే విగ్రహం చుట్టూ పెట్టుకున్నారు.

2025 జూలైలో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో "మరాఠా సైనిక స్థావరాలు" అని పన్నెండు కోటలు చేర్చారు. పదకొండు మహారాష్ట్రలోవి. పన్నెండోది జింజీ. గుర్తింపు వచ్చింది, సంతోషం, ఇక రాళ్లెత్తుకుపోయేవాళ్లు రోంత భయపడతారు. కానీ ఎనిమిది వందల ఏళ్ల కోటకి ఇరవై ఒక్క ఏళ్ల బోర్డు! ఫార్వర్డు వాడు పద్నాలుగేళ్లకే రాజపుత్రుల కోట అన్నాడు, వీళ్లు ఇరవై ఒక్క ఏళ్లకి మరాఠాల కోట అన్నారు. ఆగండి, మనవాళ్లు కూడా తక్కువేం కాదు. "నాయకరాజులు తెలుగువాళ్లు, కాబట్టి జింజీ మనదే" అని తొడగొట్టే పోస్టులు నేను చూశా. కట్టించినోడు తెలుగు మాట్లాడి ఉండొచ్చు. రాయి కొట్టినోడు, తట్ట మోసినోడు తమిళుడు. రాతికి భాష ఏముంటుంది స్వామీ.

అంతదాకా ఎందుకు? మా ఊరికి దగ్గర్లో గుర్రంకొండ ఉంది. ఒక గుర్రం కాపలా ఉన్నంతకాలం ఆ కోటని ఎవరూ పట్టలేరని, ఒక మరాఠా వాడు కొండెక్కి గుర్రాన్ని ఎత్తుకుపోతేనే కోట పడిందని అక్కడి కథ. ఆ కోటని కడప నవాబులు ఏలారు, మరాఠాలు ఏలారు, హైదరాలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ ఏలాడు. మా గ్రూపులో జింజీ గురించి కన్నీళ్లు కార్చినోళ్లలో ఎంతమంది గుర్రంకొండ ఎక్కారు? మదనపల్లెకి సినిమాకి పోయినన్ని సార్లు కాదులే, ఒక్కసారి? ఎక్కితే ఈ "ఎవరిది" అన్న ప్రశ్న ఎంత తిక్కదో కాళ్లకే తెలుస్తుంది.

రాజపుత్రుల్ని తక్కువ చేస్తున్నానని అనుకునేవాళ్లకి ఒక మాట. నిజంగా రాజపుత్రుల మీద ప్రేముంటే, మన సీమలోనే బొందిలి వాళ్లున్నారు, వాళ్ల గురించి ఎప్పుడైనా ఒక్క ఫార్వర్డు పంపారా? బొందిలి అంటే బుందేలి. బుందేల్‌ఖండ్ నుంచి ఇట్లాంటి సర్దార్ల వెంట కోటలకి సిపాయిలుగా వచ్చి, యుద్ధాలు అయిపోయాక తిరిగిపోవడానికి దారి లేక ఇక్కడే ఉండిపోయినవాళ్ల వారసులు అంటారు. 1891 మద్రాసు జనాభా లెక్కల రిపోర్టులో ఇంగ్లీషు దొర వీళ్ల పేరు బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిందని రాసి, రాజపుత్రులమని చెప్పుకుంటారు గానీ దిగజారిపోయారని వెటకారంగా ఒక ముక్క కూడా తగిలించాడు. ఇంజనీరింగులో నా రూమ్మేటు బొందిలి. పేరు చివర సింగ్. ఇంట్లో ఒక రకం హిందీ, బయట మన తెలుగు. హాస్టల్లో వాణ్ణి మొదటి సంవత్సరం అంతా "ఏ ఊర్రా నీది, బీహారా" అని ఏడిపించారు. మూడొందల ఏళ్లుగా ఇక్కడున్నోణ్ణి! ఏడిపించిన వాళ్లలో ఒకడు ఈమధ్య దేసింగు బొమ్మ డీపీగా పెట్టుకున్నాడు. ఏం చెప్పాల?

రాణి గురించి కూడా చెప్పాలి. ఫార్వర్డులో అందరూ దండాలు పెట్టింది ఎక్కువగా ఆ వాక్యానికే. శత్రువు చేతికి చిక్కకుండా అంట. కథలో గానీ చరిత్రలో గానీ జరిగింది సహగమనం. భర్త శవంతో పాటు చితి ఎక్కించారు. నవాబే దగ్గరుండి మర్యాదగా దహనం జరిపించాడని, ఆమె పేరు మీదనే ఆర్కాటుకి ఎదురుగా పాలారు అవతల రాణిపేట కట్టించాడని అంటారు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి ఏడాది కూడా కాని పిల్ల. భాష రాదు, మనుషులు తెలీదు. ఇందులో గర్వపడాల్సింది ఏముందో నాకు అర్థం కాదు. మా కదిరి దగ్గర గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది, తెలుసు కదా. 1434లో తిమ్మమ్మ సహగమనం చేసిన చోట చితి గుంజ మొలకెత్తి అంత మాను అయిందంటారు. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌లో ఆ కథ విని మా అక్క "ఆయమ్మకి నొప్పెట్టలేదా సార్" అని అడిగింది. సారు జవాబు చెప్పలేదు. 

ఇదంతా రాస్తే రెండో వైపు నుంచి కూడా రాళ్లు పడతాయని తెలుసు. పోయినసారి ఇట్లాంటిదే రాస్తే ఒక పెద్దాయన "దేసింగు ఒక బాకీ ఎగ్గొట్టిన భూస్వామి, ఆ కథ ఫ్యూడల్ చెత్త, దాన్ని ఎత్తుకోవడమే తప్పు" అని పాఠం చెప్పాడు. అయ్యా, మీకూ దండం. బాకీ నిజమే. అయినా మీరు చెప్పినంత తెలివి లేకనా మా జేజినాయన తెల్లారేదాకా కూర్చున్నాడు? ఆయన జీవితమంతా బాకీలే. శనక్కాయ పంట నాలుగేళ్లకోసారి చేతికొచ్చే ఊళ్లో, బాకీ అడగడానికి వచ్చిన మనిషి ముందు తల వంచని పిల్లోడి కథ ఎందుకు నచ్చుతుందో మీకు పుస్తకాల్లో దొరకదు. వాడు ఓడిపోతాడని ముందే తెలుసు. స్వామి కూడా వద్దన్నాడని తెలుసు. పక్కన పెళ్లి బట్టల్లో ఒకడు నిలబడ్డాడు, మతం కాదు, కులం కాదు, భాష కాదు, ఉత్త స్నేహం. నవాబు మీద కోపంతో కాదు జనం ఈ కథని మోసింది. నవాబుని కథలో ఎవరూ రాక్షసుణ్ణి చేయలేదు కూడా. మహబ్బత్ ఖాన్‌ని తీసేస్తే ఇంక మిగిలేది ఆ బాకీ గొడవే. ఫార్వర్డు వాడు, ఈ పెద్దాయన ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు, ఆ ఖాన్‌ని కథలోంచి పంపించేయడం.

రెండేళ్ల క్రితం ఒక శనివారం బెంగుళూరు నుంచి బైకు మీద కృష్ణగిరి, తిరువణ్ణామలై మీదుగా జింజీ పోయా. రాజగిరి ఎక్కేసరికి ఊపిరి ఆగినంత పనైంది. పైన శిఖరం ముందర కొండ రెండుగా చీలి లోయలా ఉంటుంది, దాని మీద చిన్న వంతెన. కోతులు నా వాటర్ బాటిలు లాక్కున్నాయి. కింద దిగాక చెట్టికుళం దగ్గరికి పోయా. దేసింగుని దహనం చేసింది, రాణి చితి ఎక్కింది ఆ చెరువు ఒడ్డునే అని చూపిస్తారు. అదే కోటలో సాదతుల్లా ఖాన్ గెలిచాక 1717-18లో కట్టించిన మసీదు ఉంది, అంత దూరంలోనే వెంకటరమణస్వామి గుడీ ఉంది. గుళ్లో ఒక కొత్త జంట ఫోటోలు దిగుతున్నారు, మసీదు నీడలో ఒక ముసలాయన మేకల్ని పడుకోబెట్టి తనూ పడుకున్నాడు. ఆ ఎండలో ఎవరికీ ఎవరితో తగాదా లేదు.

నాలుగో రోజు మావాడికి ఫోన్ చేశా. ఇప్పుడు వాడు కదిరిలో ఏసీ మెకానిక్. "ఏంరా గ్రూపులోంచి పోయినావంట" అన్నా. "ఏం లేదులే మామా, ఫోనులో స్టోరేజీ ఫుల్లయిపోయింది, అన్ని గ్రూపులూ తీసేసినా" అన్నాడు. అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని వాడికి తెలుసు. రోంచేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత లైట్ల తాత లైట్లు ఏమైనాయిరా అని అడిగా. తాత పోయాక మూడు పాత ఇనుముకి వేసేశారంట. ఒకటి మాత్రం అటక మీద ఉందంట, గాజు పగలలేదంట. "దేసింగురాజు కథ గుర్తుందా" అన్నా. "నీకు గుర్తుందో లేదో, నువ్వు సగం నిద్రపోయినావు. నేను తాత పక్కన కూర్చుని లైటుకి గాలి కొడుతూ మొత్తం విన్నా" అన్నాడు.

వాణ్ణి మళ్లీ గ్రూపులో చేర్చమని అడ్మిన్‌ని అడిగా. అడ్మిన్ ఎవరనుకున్నారు, ఫార్వర్డు పంపినోడే. "చేరుస్తా మామా, దాందేముంది. కానీ వాడు రావాల కదా" అన్నాడు.